అప్‌డేట్: దోస్తు బత్తాయి తోట కోయించి అమ్మిపెడితే ఒక్క మంచి మాట అనలే

పోయిన నెల నా బాధ ఇక్కడనే రాసిన. దోస్తు వాళ్ల నాయనకు ఆపరేషన్ అయి వాళ్లందరు హైదరాబాద్‌ల ఉంటే, హాలియా దిక్కున్న వాళ్ల తోట నేనే నాలుగు రోజులు నిలబడి కోయించి, నల్లగొండ మార్కెట్‌ల అమ్మి పైసలు పంపిన. వాడు "సరే" అన్నడు, అంతే.

జవాబిచ్చిన అందరికీ దండాలు. "ఫోన్ల తేల్చకు, ఎదురుగ కూసొని అడుగు" అన్న అక్క మాటనే పనిచేసింది.

ఆదివారం పోయి అడిగిన: "నేను చేసింది నీకు నచ్చలేదారా?" చానాసేపు నేల చూసిండు. తర్వాత బయటపడ్డది, తూకం! వ్యాపారి టన్నుకు వంద కిలోలు సూట్ కింద, అంటే తూకంల కోసే తరుగు కింద, తీసిండు. 12 టన్నులకు 12 క్వింటాళ్లు అక్కడనే పోయినయి. ఇన్నేండ్లు అమ్మకం నాయనే చూసుకునేది, వీనికి సూట్ సంగతే తెల్వదు. తూకం తగ్గిందని నా మీద అనుమానపడి, నన్ను అడగలేక, థ్యాంక్స్ చెప్పబుద్ధి గాక ఊకున్నడు.

కాంటా చీటీల ఫోటోలు చూపించిన. మంచంల ఉన్న వాళ్ల నాయనే "గట్లనే కోస్తర్రా" అన్నడు. వాడు నా చెయ్యి పట్టుకున్నడు. ఇద్దరికీ కండ్లల్ల నీళ్లొచ్చినయి. అనుమానపడ్డడన్న నొప్పి మాత్రం ఇంకా కొంత ఉంది.

పోయినసారి ఇక్కడ అనుకున్న మాటలు, పట్నం దోస్తులు వాణ్ని మార్చిన్రన్నది, వాడు స్టేటస్‌ల నా పేరు పెట్టలేదన్నది, రెండూ దీనికి సంబంధం లేనివే. ఇంకొకరి పంట అమ్మిపెట్టేటోళ్లు సూట్, హమాలీ, కమీషన్ రాసున్న చీటీ అదే రోజు పంపుర్రి. నేను పైసలు పంపిన గని చీటీ పంపలే.

వచ్చే కోతకు కాంటా కాడ వాడే ఉంటనన్నడు. నేను గూడ పోత.