లొవాస్ గ్రామంలో 1991 అక్టోబరులో ఏం జరిగింది?

ప్రశ్న: యుగోస్లావియా విచ్ఛిన్నాన్ని గురించి చదువుతున్నాను. తూర్పు క్రొయేషియాలోని వుకోవర్ పట్టణ ముట్టడిపై ఎంతో రాశారు గానీ, ఆ దగ్గరలోనే ఉన్న లొవాస్‌లో క్రొయేషియన్ పౌరులను చంపిన వైనం తెలుగులో నాకెక్కడా కనబడలేదు. తెలిసినవారు దయచేసి వివరించగలరా?

మొదటి జవాబు: 1991 అక్టోబరు 10న యుగోస్లావ్ సైన్యం, సెర్బ్ సాయుధ ముఠాలు ఆ గ్రామాన్ని ఆక్రమించుకున్నాయి. సెర్బులు కానివారు చేతికి తెల్లగుడ్డ కట్టుకోవాలని శాసించారు. అక్టోబరు 18న సుమారు 50 మంది మగవారిని ఊరి చివర గడ్డి పొలంలోకి నడిపించి, మందుపాతరలు బయటపడేలా కాళ్లతో గడ్డిని పక్కకు తోస్తూ సాగమన్నారు. ఒక పాతర పేలగానే వెనకనుంచి కాల్పులు జరిపారు. 21 మంది చనిపోయారు. మనుషుల పాదాలనే పనిముట్లుగా వాడుకున్న ఆ క్రూరత్వాన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదండీ.

రెండవ జవాబు: ఆక్రమణ మొదలు ఆ మందుపాతరల ఘటన వరకు కలిపి మొత్తం మృతులు 70 మంది. 1997లో సామూహిక సమాధిని తవ్వినప్పుడు 68 మృతదేహాలు బయటపడ్డాయి. ఆరేళ్లపాటు తమవారి అంత్యక్రియలు కూడా జరపలేకపోయిన కుటుంబాల వేదనను చరిత్రకారులు ఇంకా శ్రద్ధగా నమోదు చేయవలసి ఉంది.

ప్రశ్నించినవారు: ధన్యవాదాలండీ. మరి శిక్షలు పడ్డాయా?

మొదటి జవాబిచ్చినవారు: హేగ్‌లోని అంతర్జాతీయ యుద్ధనేరాల న్యాయస్థానంలో ఈ నేరం అప్పటి సెర్బియా అధ్యక్షుడు మిలోషెవిచ్, క్రొయేషియాలోని సెర్బుల నాయకుడు హాజిచ్‌ల అభియోగపత్రాల్లో ఉంది; తీర్పు రాకముందే ఒకరు 2006లో, మరొకరు 2016లో మరణించారు. సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌లోని కోర్టు 2012లో 14 మందిని దోషులుగా తేల్చినా, అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టివేసి మళ్లీ విచారణ జరపమన్నది.