కాలనీ పార్కులో నడకకి నెల పాస్: పెట్టొచ్చా?

ఉదయం_నడక
మాది విశాఖ సిటీ మధ్యలోనే, కొండ దిగువన ఒక పాత లేఅవుట్. నిన్న మా సంక్షేమ సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టారు. వచ్చే నెల నుంచి పార్కులోకి రావాలంటే మనిషికి నెలకి 100 రూపాయల పాస్ అట. అరవై దాటినవాళ్లకి 50. బోరు మోటారు కాలిపోయింది, నడిచే ట్రాక్ మీద టైల్స్ లేచిపోయాయి, కార్పొరేషన్ వాళ్లని అడిగితే నిధుల్లేవన్నారు, కాబట్టి మనమే చేసుకోవాలి అని రాశారు. ఇంటి పన్ను ఇలాంటివాటికే కదా వసూలు చేస్తారు? అసలు పార్కు సంఘానిదా, కార్పొరేషన్‌దా? తెలిసినవాళ్లు చెప్పండి.

రిటైర్డ్_మాస్టారు
పెట్టొచ్చు. పెట్టాలి కూడా. మా కాలనీలో రెండేళ్లుగా ఉంది, పార్కు అద్దంలా ఉంది. కైలాసగిరికి టికెట్ కొంటాం, కురుసుర సబ్‌మెరైన్‌కి కొంటాం, బీచ్ రోడ్డులో ఆక్వా కాంప్లెక్స్‌లో ఈతకి ఫీజు కడతాం. అక్కడ నోరెత్తనివాళ్లకి కాలనీ పార్కు దగ్గరే హక్కులు గుర్తొస్తాయి. ఏటా ఏప్రిల్ 30 లోపు మొత్తం పన్ను ఒకేసారి కట్టి 5 శాతం రాయితీ తీసుకునే మనిషిని నేను. పన్ను ఎగ్గొట్టి మాట్లాడటం లేదు.

గాజువాక_కుర్రోడు
ఏటి మాస్టారూ, కైలాసగిరి, సబ్‌మెరైను వీఎంఆర్డీఏ అనే అభివృద్ధి సంస్థవి. ఏడాదికోసారి సుట్టాలొస్తే తీసుకెళ్లే సోట్లు. కాలనీ పార్కు రోజూ పొద్దున్నే ఎల్లేది. రెండూ ఒకటేనేటి? 2023లో రుషికొండ బీచికి 20 రూపాయల టికెట్టంటే ఊరంతా ఎంత గోల సేసింది, ఆఖరికి ఎనక్కి తీసుకున్నారు కదా.

సాక్షి_సముద్రం
కుర్చీ వేసుకున్నాను. కానివ్వండి.

ఖజానా_బాబాయ్
ఒక మున్సిపాలిటీ అకౌంట్స్ సెక్షన్లో ముప్ఫయ్యేళ్లు పనిచేశాను కాబట్టి రెండు ముక్కలు.

ముందు పార్కు ఎవరిదో చూడండి. అనుమతి ఉన్న లేఅవుట్‌లో 10 శాతం స్థలం ఖాళీగా వదిలి, గిఫ్ట్ డీడ్ రాసి స్థానిక సంస్థకి అప్పగించాలి. మీ పార్కు అలా వచ్చిందే అయితే అది ప్రజల ఆస్తి. సంఘం దాన్ని చూసుకోవడానికి ఒప్పుకోవచ్చు, అంతమాత్రాన సొంతదారు అయిపోదు. గేటు దగ్గర ఏ రుసుము పెట్టాలన్నా కార్పొరేషన్ రాతపూర్వక అనుమతి ఉండాలి.

ఇక డబ్బు సంగతి. మీరు కట్టే ఇంటి పన్ను మొత్తం పార్కులకీ రోడ్లకీ పోదు. మీద 8 శాతం గ్రంథాలయ సెస్సు కూడా కడతారు, అది లైబ్రరీలది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో మీరిచ్చే 7.5 శాతంలో 5 స్టాంపు డ్యూటీ, 1 ఫీజు, మిగిలిన 1.5 ట్రాన్స్‌ఫర్ డ్యూటీ. ఈ ఒకటిన్నర స్థానిక సంస్థలకి చెందాలి, కానీ ముందు రాష్ట్ర ఖజానాలో పడి తర్వాత రావాలి. ఆర్థిక సంఘం గ్రాంటుల్లో పెద్ద భాగం తాగునీరు, చెత్త అని ముడేసి పంపిస్తారు. ఆ డబ్బుతో మీ పార్కు టైల్స్ వేస్తే ఆడిట్ వాడు ఊరుకోడు. స్మార్ట్ సిటీ నిధులంటారా, 2016 జనవరిలో మొదటి 20 నగరాల్లో మన ఊరు ఎంపికైంది, కేంద్రం వాటా 500 కోట్లు, అంతే సొమ్ము రాష్ట్రం, కార్పొరేషన్ వైపు నుంచి. అందులో ఎక్కువ భాగం ఆర్కే బీచ్ చుట్టుపక్కల ప్రాంతానికి అనుకున్నది. 2018లో 10 శాతం వడ్డీకి బాండ్లు అమ్మి 80 కోట్లు తెచ్చారు. అది అప్పు, తీర్చాలి.

నీళ్లకి బిల్లు వేయొచ్చు. వీధి దీపాలకి కరెంటు మిగిలితే ఆ మిగులుతోనే ఖర్చు తీర్చొచ్చు. హుద్‌హుద్ తుఫాను తర్వాత ఇక్కడ దాదాపు 90 వేల దీపాలు ఎల్ఈడీకి మారింది అలాగే. వీధి రోడ్డుకీ పార్కుకీ అలాంటి దారి లేదు. అందుకే లైన్లో ఎప్పుడూ చివర నిలబడేవి అవే.

రిటైర్డ్_మాస్టారు
చూశారా, బాబాయ్ గారే ఒప్పుకున్నారు డబ్బు లేదని. ఇంక పన్ను పెంచమంటారా? 2021 నుంచి అద్దె విలువ తీసేసి ఆస్తి మూలధన విలువ మీద పన్ను లెక్కేసి, పాతదాని మీద ఏటా 15 శాతం మించకుండా పెంచుకుంటూ వచ్చారు. ఐదేళ్లకి 75 శాతం. పింఛను అలా పెరిగిందా?

లెక్కల_పిన్ని
మాస్టారూ, 75 కాదండి. 15 శాతం ప్రతిసారీ పెరిగినదాని మీదే పడుతుంది. 1000 కట్టేవాళ్లు మొదటి ఏడు 1150, తర్వాత 1322, 1521, 1749, ఐదో ఏడు 2011. రెట్టింపు.

రిటైర్డ్_మాస్టారు
నేను చెప్పింది సాధారణ వడ్డీ లెక్క. మనుషులకి అర్థమవ్వాలని.

లెక్కల_పిన్ని
వసూలు చేసేవాళ్లు సాధారణ వడ్డీ వేయరు కదండీ. మీరేం మాస్టారు?

రిటైర్డ్_మాస్టారు
తెలుగు. ఏం, తెలుగు మాస్టారికి లెక్కలు రాకూడదా? 75 అయినా 100 అయినా నేను చెప్పిన విషయం మారదు. పన్ను పెరిగితే నా మీద పడుతుంది. పాస్ అయితే వాడుకునేవాడి మీద పడుతుంది. న్యాయం ఏదో మీరే చెప్పండి.

లెక్కల_పిన్ని
విషయం మారదంటే మొదట తప్పు అంకె ఎందుకు రాశారు?

బీచ్_రోడ్_బాబ్జీ
ఇక్కడ పార్కు గురించి మాట్లాడుతున్నారా, ఐదో ఎక్కం గురించా?

గాజువాక_కుర్రోడు
వాడుకునేవాడే కట్టాలంటే మా సంగతి కూడా ఇనండి. గాజువాక మున్సిపాలిటీని 2005లో సిటీలో కలిపేశారు. అప్పుడు నేను ఆరో క్లాసు. మా ఇంటి ముందు కాలవ మీద పలకలు నేవు. వానకి రోడ్డేదో కాలవేదో తెలీక మా నాయనమ్మ జారిపడి తుంటి ఎముక ఇరిగింది. కాయితాలట్టుకుని తిరగని ఆఫీసు నేదు. ఒకాయన అదిక్కడ కాదంటాడు, ఇంకొకాయన ఎస్టిమేటు ఏసేం నిధులు రావాలంటాడు. మేం కట్టే పన్ను మీరు కట్టే పన్ను ఒక్క సోటికే ఎల్తాది. బీచికాడ బెంచీలు మేం వాడుతున్నామా? మరి వాటికి మా డబ్బులెందుకు, మీరు వాడుకునేవాళ్లు టికెట్ కొనుక్కోండి. అలా మొదలెడితే ఎక్కడ ఆగుతాది మాస్టారూ?

రిటైర్డ్_మాస్టారు
మీ నాయనమ్మ గారి సంగతికి బాధగానే ఉంది. కానీ అది కాలవ, ఇది పార్కు. కలపకండి.

గాజువాక_కుర్రోడు
సంచీ ఒకటే కదండి. దాంట్లోంచి మీ వైపు తీస్తే మా వైపు తక్కువవుతాది.

సాక్షి_సముద్రం
చెత్త పన్ను గుర్తుందా ఎవరికైనా? 2021లో ఇంటికి నెలకి 120 అన్నారు, సగం మంది కట్టామన్నారు సగం మంది కట్టలేదన్నారు, 2024లో తీసేశారు. కట్టినవాళ్లం వెర్రివాళ్లమయ్యాం.

లెక్కల_పిన్ని
పాస్ లెక్కే వేద్దాం. @ఉదయం_నడక, మీ పార్కుకి రోజూ ఎంతమంది వస్తారు?

ఉదయం_నడక
పొద్దున సాయంత్రం కలిపి 140 మంది ఉంటారేమో. సగం పైన పెద్దవాళ్లే.

లెక్కల_పిన్ని
అందరూ కట్టినా, సగం మంది 50 కట్టేవాళ్లే కాబట్టి, నెలకి పదివేల ఐదొందలు. పాస్ చూడటానికి గేటు దగ్గర మనిషి కావాలి. రెండు పూటలా నిలబడే వాచ్‌మన్ పన్నెండు వేలకి తక్కువ వస్తాడా? వసూలు చేసింది వసూలు చేసేవాడికే చాలదు. ఇక మోటారు ఎప్పుడు బాగవుతుంది, టైల్స్ ఎప్పుడు వేస్తారు? మాస్టారూ, మీ కాలనీలో ఈ రెండేళ్లలో పాస్ డబ్బుతో ఏం చేశారో ఒక్కటి చెప్పండి.

రిటైర్డ్_మాస్టారు
వాచ్‌మన్‌ని పెట్టాం.

లెక్కల_పిన్ని
ఇంకా?

రిటైర్డ్_మాస్టారు
ఇంకా ఏం కావాలమ్మా? వాచ్‌మన్ వచ్చాక కదా పార్కు బాగుపడింది! మీకు అర్థం కావటం లేదు. ఇదివరకు కొండ మీది కుర్రాళ్లు మధ్యాహ్నం నుంచే వచ్చి క్రికెట్ ఆడేవాళ్లు. మా ఆవిడకి బంతి తగిలి కళ్లజోడు పగిలింది, కనుబొమ మీద మూడు కుట్లు పడ్డాయి. చీకటి పడితే బెంచీల కింద సీసాలు. చెప్తే తాతా నువ్వెవడివి అన్నారు. పాస్ పెట్టాక ఒక్కడు రాడు. డబ్బు కోసం అని ఎవరన్నారు?

బీచ్_రోడ్_బాబ్జీ
మీరే అన్నారు, ఇరవై పోస్టుల కింద.

గాజువాక_కుర్రోడు
అదీ సంగతి. ఇందాకట్నుంచీ మోటారు, టైల్సు, 15 శాతం. అసలు మాట ఇప్పుడొచ్చింది.

ఉదయం_నడక
మా గ్రూపులో కూడా రాత్రి ఇదే మాట ఒకరు అనేశారు, "బయటివాళ్లు తగ్గుతారు" అని. పైన కొండవాలులో ఉండేవాళ్లు బయటివాళ్లెలా అవుతారు? మా వీధిలో ఇస్త్రీ బండి ఆయన ఇల్లు అక్కడే. ఆయన కూతురు పోలీస్ సెలక్షన్ కోసం రోజూ అయిదింటికి మా పార్కులో పరిగెడుతుంది. ఆ పిల్లకి వేరే చోటు ఏదండీ? వాళ్లు పైన ఒక అడుగు చదును నేల కనపడని చోట ఉంటున్నారు.

రిటైర్డ్_మాస్టారు
చదువుకునే పిల్లని ఎవరు ఆపుతారు? ఉచిత పాస్ ఇవ్వండి. నేనన్నది సీసాల వాళ్ల గురించి. అయినా అక్కడ పన్ను కట్టేవాళ్లెంతమంది?

ఖజానా_బాబాయ్
మాస్టారూ, ఇది మాత్రం పొరపాటు. అనుమతి లేని ఇంటికి కూడా పన్ను వేస్తారు, పైగా జరిమానా కలిపి వేస్తారు. కట్టినంతమాత్రాన ఇల్లు సక్రమం అయిపోదు, కానీ డబ్బు మాత్రం అదే ఖజానాలో పడుతుంది. పన్ను ఎగ్గొట్టేవాళ్లు కొండ మీదే ఉంటారనుకుంటే నా ముప్ఫయ్యేళ్ల సర్వీసు నవ్వుకుంటుంది. పెద్ద పెద్ద బకాయిల ఫైళ్లు ఏ ఇళ్లవో నేను చూశాను.

సీసాల సంగతి పోలీసుల పని. దానికి పార్కు ఖర్చు అని పేరు పెట్టి గేటు వేయటం నాకు నచ్చలేదు. మీ ఆవిడ గారికి దెబ్బ తగలటం నిజంగా అన్యాయం, అది వేరే మాట.

రిటైర్డ్_మాస్టారు
పోలీసులకి ఆరుసార్లు ఫోన్ చేశాను. మీరు కుర్చీలో కూర్చుని చెప్పడం తేలిక.

ఉదయం_నడక
మాస్టారూ, మీ కోపం అర్థమైంది. నేను ఒకటి దాచాను, చెప్పేస్తాను. మేం అద్దెకి ఉంటున్నాం. ఇవాళ సవరించిన మెసేజ్ వచ్చింది. సొంతింటివాళ్లకి 100, అద్దెవాళ్లకి 200. "పన్ను కట్టేది ఓనర్లు కాబట్టి" అట. మా ఓనరు పోయినేడాది పన్ను పెరిగిందని చెప్పే అద్దె వెయ్యి పెంచారు. ఆదివారం మీటింగులో అద్దెవాళ్లు కూర్చోవచ్చు, చెయ్యెత్తకూడదట.

గాజువాక_కుర్రోడు
రండి అక్కా, బయటోళ్ల సంఘంలోకి. మేం 2005 నుంచీ ఉన్నాం.

రిటైర్డ్_మాస్టారు
అద్దెవాళ్లకి రెట్టింపు అన్నది తప్పే. మా దగ్గర అలా లేదు.

ఖజానా_బాబాయ్
సమాచార హక్కు కింద 10 రూపాయల దరఖాస్తు పెట్టి లేఅవుట్ గిఫ్ట్ డీడ్ నకలు, సంఘానికి ఇచ్చిన అనుమతి ఏదైనా ఉంటే దాని నకలు అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆదివారానికి రాదు గానీ, పెట్టానని మీటింగులో చెప్పండి.

ఉదయం_నడక
రేపే పెడతాను.

లెక్కల_పిన్ని
ఇంతకీ ఆ మోటారు ఎన్ని హార్స్ పవరు? రీవైండింగ్‌కి ఎంత అడిగారో కనుక్కుని ఇక్కడ పెట్టు. నాకైతే దానికి అయ్యేది 140 మందికి ఒక్క నెల పాస్ అంత కూడా ఉండదనిపిస్తోంది.