సిక్కిం తలసరి ఆదాయం దేశంలోనే మొదటిది. మరి ఉత్తరాంధ్ర విడిగా ఉంటే తప్పేటి?

ఉద్దానం కొబ్బరి:
అందరికీ నమస్కారం. ఒక లెక్క మీ ముందు పెడుతున్నాను, నెమ్మదిగా చదివి జవాబివ్వండి. 1975 మే 16న సిక్కిం మన దేశంలో 22వ రాష్ట్రం అయింది. వైశాల్యం 7,096 చదరపు కిలోమీటర్లు. మా పాత శ్రీకాకుళం జిల్లా కన్నా కొంచెం పెద్దది, అంతే. 2011 జనాభా లెక్కల్లో అక్కడున్నది 6,10,577 మంది. సముద్రం లేదు, రైలు కూత లేదు, అంతా కొండలే. అలాంటి చోట 2022-23లో తలసరి ఆదాయం 5 లక్షలు దాటింది. తెలంగాణది 3 లక్షల పైన, మన ఆంధ్రాది 2 లక్షల 20 వేల దగ్గర. చిన్న రాష్ట్రమైతే బాగుపడుతుందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి? ఉత్తరాంధ్రను విడిగా ఇమ్మంటే నవ్వేవాళ్ళు ముందు దీనికి జవాబు చెప్పండి.

గోదారి గట్టు:
మళ్ళీ మొదలెట్టారా? ఒక విభజన చాలదా?

పాత గణాంకం:
ఉద్దానం గారూ, నేను అర్థ గణాంక శాఖలో 31 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. మీ అంకెల్లో తప్పు లేదు, వాటికి మీరు చెప్పుకున్న అర్థంలోనే తప్పుంది. తలసరి ఆదాయం అంటే మనిషి జేబులో పడే డబ్బు కాదు. ఒక రాష్ట్రం హద్దుల్లో ఏడాదిలో పుట్టిన ఆదాయంలోంచి తరుగుదల, అంటే యంత్రాలు, కట్టడాల అరుగుదల విలువ, తీసేసి, మిగిలినదాన్ని అక్కడి జనాభాతో భాగిస్తారు. పుట్టిన ఆదాయం ఎవరింటికి చేరిందన్నది ఆ లెక్కలోకి రాదు.

ఇప్పుడు మీ ఇంట్లో బీపీ మాత్రలో షుగర్ మాత్రలో ఉంటే అట్ట వెనక్కి తిప్పి చూడండి. తయారీ చిరునామాలో సిక్కిం పేరు కనబడే అవకాశం బాగా ఉంది. 2007లో ఈశాన్య రాష్ట్రాలకు పన్ను రాయితీలు ప్రకటించాక పెద్ద పెద్ద మందుల కంపెనీలు రంగ్‌పో, సింగ్టాం చుట్టుపక్కల ఫ్యాక్టరీలు పెట్టాయి. దానికి తీస్తా నది మీద కట్టిన కరెంటు తోడైంది. ఈ రెండే ఆ అంకెను పైకి లేపాయి. మాత్ర సిక్కింలో తయారైంది కాబట్టి దాని విలువ సిక్కిం ఖాతాలో పడుతుంది, లాభం మాత్రం వాటాదారులు ఎక్కడుంటే అక్కడికి పోతుంది. కింద భాగించేది ఆరేడు లక్షల మందితో. పది ఫ్యాక్టరీలు, రెండు డ్యాములు వస్తే చాలు, అంకె ఆకాశానికి ఎక్కుతుంది.

ఉద్దానం కొబ్బరి:
అమ్మా, అయితే అక్కడి జనం బీదవాళ్ళంటారా? నీతి ఆయోగ్ బహుముఖ పేదరికం (ఆరోగ్యం, చదువు, ఇంటి వసతులు చూసే) లెక్కల్లో 2019-21కి సిక్కింలో పేదలు 2.6 శాతం. ఆంధ్రాలో 6.06. ఇది కూడా మాత్రల అట్టేనా?

పాత గణాంకం:
బీదవాళ్ళని నేను ఎక్కడ రాశాను? ఒకసారి చూపించండి. అంకె ఎంత చెబుతోందో జనం అంత సంపన్నులు కారన్నాను. 2022-23 వినియోగ వ్యయ సర్వే తీయండి. సిక్కిం పల్లెల్లో మనిషికి నెల ఖర్చు 7,731 రూపాయలు, పట్నాల్లో 12,105. రాష్ట్రాల్లో అదే ఎక్కువ, కాదనను. కానీ 5 లక్షల 20 వేలను 12తో భాగిస్తే నెలకు 43 వేలొస్తుంది. 43 వేలెక్కడ, 7,731 ఎక్కడ? సర్వేలో ధనికుల ఖర్చు సరిగా దొరకదు, పొదుపు కలవదు, నిజమే. అవన్నీ కలుపుకున్నా ఇంత తేడా పూడదు.

వికారాబాద్ పోరడు:
అమ్మ చెప్పింది మా తాన రోజూ కండ్ల ముందు కనిపిస్తది. తలసరిల రంగారెడ్డి జిల్లా రాష్ట్రంలనే ఫస్టు. మేం కూడా మొన్నటిదాంక రంగారెడ్డోళ్ళమే. అప్పుడు మా పరిగి రైతు కూడ కాగితం మీద లక్షాధికారే. 2016ల జిల్లా వేరు చేసినంక ఒక్కరాత్రిల పేదోళ్ళమైనం. చేను అదే, కంది అదే, అప్పు అదే. మారింది భాగారం.

ఇంకో ముచ్చట. అదే సర్వేల తెలంగాణ పల్లె ఖర్చు 4,802, ఆంధ్రా పల్లె ఖర్చు 4,870. తలసరి మాది ఎక్కువ, పల్లెటూరోడి ఖర్చు మీకంటే ఒక పిసరు తక్కువ. ఉద్దానం అన్నా, రేపు ఉత్తరాంధ్ర వస్తే విశాఖ పోర్టు, ఉక్కు ఫ్యాక్టరీ, పరవాడ మందుల కంపెనీలు మీ లెక్కల ఎక్కుతయ్. తలసరి దుముకుతది. నీ కొబ్బరితోటకు ఏమొస్తది?

గోదారి గట్టు:
ఒక్క మాట చెప్పి పోతాను. ఉత్తరాంధ్ర మూడు పాత జిల్లాల జనాభా 2011లోనే 93 లక్షలు. సిక్కింకి 15 రెట్లు. దీన్ని ‘చిన్న రాష్ట్రం’ అని దానితో పోల్చడమేంటి?

ఉద్దానం కొబ్బరి:
15 రెట్లయితే మరీ మంచిది, మమ్మల్ని ఆపడానికి మీకున్న కారణం ఇంకా తగ్గింది. అయినా ఒకరు భాగారం అంటారు, ఒకరు మాత్రల అట్ట అంటారు, అసలు సంగతి ఎవరూ ముట్టుకోరు. 15వ ఆర్థిక సంఘం 2021–26కి కేంద్ర పన్నుల్లో సిక్కింకి ఇచ్చిన వాటా 0.388 శాతం. దేశ జనాభాలో సిక్కిం 0.05 శాతం. తలకు లెక్కేస్తే దేశ సగటుకి ఏడు రెట్ల పైన. ఆంధ్రా వాటా 4.047 శాతం, జనాభా కూడా సుమారుగా అంతే. కేంద్ర పథకాల్లో వాళ్ళకి 90 పైసలు ఢిల్లీ పెడితే మనకి 60. ప్రత్యేక హోదా కోసం 2014 నుంచి అడిగి అడిగి గొంతులు పోయాయి, ఇవ్వలేదు. సిక్కిం రాష్ట్రం కాబట్టి దానికి వచ్చింది. మేం జిల్లాలం కాబట్టి మాకు రాలేదు.

గోదారి గట్టు:
హోదా వచ్చింది కొండ ప్రాంతమని, సరిహద్దు అని. చిన్నదని కాదు. గోవా వైశాల్యంలో ఇంకా చిన్నది, దానికి హోదా లేదు.

పాత గణాంకం:
గోదారి గట్టు గారు చెప్పింది సరైనది. పైగా ఉద్దానం గారు ఒక అంకె నుంచి ఇంకో అంకెకి దూకుతున్నారు. మొదట తలసరి అన్నారు. అది నిలవకపోతే పేదరికం అన్నారు. ఇప్పుడు పన్నుల వాటా అంటున్నారు. మీ శీర్షికలో ఉన్నది తలసరి. ముందు దాని సంగతి తేల్చండి.

జనాభా వైపు కూడా చూడండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే–5లో సిక్కిం సంతాన రేటు, అంటే ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లలు, 1.1. దేశంలో అన్నిటికన్నా తక్కువ. అందుకే 2023 జనవరిలో అక్కడి ముఖ్యమంత్రి ప్రేమ్‌సింగ్ తమాంగ్ రెండో బిడ్డను కన్న ఉద్యోగినులకు ఇంక్రిమెంటు ఇస్తామన్నారు. పిల్లలు పుట్టకపోయినా తలసరి పెరుగుతుంది. ఊళ్ళో బడి మూతపడితే మీ శీర్షిక ఇంకా మెరుస్తుంది. అదా మీకు కావలసిన బాగు?

రంగ్‌పో ఫిట్టర్:
నేను ఇక్కడ ఎప్పుడూ చదవడమే కానీ రాయలేదు. మాది సోంపేట దగ్గర. 2010 నుంచి మూడేళ్ళు సిక్కింలో ఒక జలవిద్యుత్ పనిలో వెల్డింగ్ ఫిట్టర్‌గా చేశాను. కొండ లోపల సొరంగంలో టర్బైన్‌కి నీళ్ళు తెచ్చే పెన్‌స్టాక్ పైపు ఉంటుంది, మనిషి నిలబడినా పైన ఇంకా ఖాళీ ఉంటుంది. దాని అతుకు లోపల కూర్చుని రూట్ రన్, అంటే వెల్డింగులో మొదటి పొర, వేసేవాళ్ళం. పైనుంచి నీళ్ళు కారుతూనే ఉంటాయి. చలికి రాడ్ తడిసిపోతుందని చొక్కా లోపల పెట్టుకునేవాణ్ణి.

2011 ఫిబ్రవరిలో జనాభా లెక్కలవాళ్ళు మా రేకుల క్యాంపుకి వచ్చి పేరు, వయసు, ఊరు రాసుకున్నారు. అంటే మీరు చెబుతున్న ఆ 6,10,577లో నేనూ ఒకణ్ణి. అదే లెక్కలో నార్త్ సిక్కింలో వెయ్యి మంది మగవాళ్ళకి 767 మంది ఆడవాళ్ళే ఉన్నారు. అక్కడ ఆడపిల్లలు తగ్గిపోయి కాదు. డ్యాముల మీద మాలాంటివాళ్ళు, సరిహద్దులో సైనికులు అంతమంది మగవాళ్ళం ఉండబట్టి.

నా జీతంలో తిండికి పోగా మిగిలింది ప్రతి నెలా ఇంటికి పంపేవాణ్ణి. సిక్కింలో పుట్టిన ఆదాయం సోంపేటలో బియ్యం అయింది. ఆఖరి మూడు నెలల డబ్బు సబ్ కాంట్రాక్టరు ఎగ్గొట్టాడు. అది ఏ రాష్ట్రం ఆదాయంలో రాశారో మేడం గారే చెప్పాలి.

వికారాబాద్ పోరడు:
అన్నా, దండం.

పాత గణాంకం:
ఫిట్టర్ బాబూ, ఇవ్వని జీతం కంపెనీ మిగులు కింద లెక్కలో పడిపోయి ఉంటుంది. సిక్కిం ఖాతాలోనే. రాయడానికి నాకు కష్టంగా ఉంది, కానీ పద్ధతి అది.

ఉద్దానం గారూ, చూశారుగా. మీ సొంత ఊరి పక్క మనిషి మీ లెక్కకి జవాబు చెప్పాడు.

ఉద్దానం కొబ్బరి:
జవాబు కాదమ్మా, అది నా ప్రశ్నే! మా సోంపేట మనిషి అంత దూరం ఎందుకు పోవలసి వచ్చింది? మావోళ్ళు గుజరాత్ వెరావల్లో చేపలు పట్టాలి, చెన్నైలో ఇళ్ళు కట్టాలి, సిక్కిం కొండల్లో పైపులు అతకాలి. ఇక్కడ ఏటుంది? మీరు హైదరాబాద్ ఆఫీసులో కూర్చుని తరుగుదల తీసేసి భాగించారు. మేం ఇక్కడ మనుషుల్ని తీసేసి బతుకుతున్నాం. ఎప్పుడూ అంకె తప్పు, అర్థం తప్పు, శీర్షిక తప్పు. మీలాంటి ఆఫీసర్ల వల్లే మా గోడు పైకి పోదు.

పాత గణాంకం:
ఆఫీసులో కూర్చున్నానా? బాబూ, పంటకోత ప్రయోగాలకి చేలో ఐదు మీటర్ల చదరం కొలిచి, తాడు కట్టి, కోయించి, నూర్పించి, గింజలు తూకం వేసేదాకా గట్టు మీద నిలబడ్డదాన్ని. నెలలు నిండిన కడుపుతో కూడా నిలబడ్డాను. ఆ తూకం మీదనే రైతుకి బీమా వస్తుందో రాదో తేలుతుంది.

2013లో రాష్ట్ర విభజన వాదనలప్పుడు రెండు వైపులవాళ్ళూ మా దగ్గరకొచ్చారు. ఒకే పుస్తకంలోంచి ఒకరు ఒక పేజీ, ఒకరు ఇంకో పేజీ చింపుకుపోయినట్టు తీసుకుపోయారు. నేను కష్టపడి వేసిన పట్టిక టీవీలో ఇద్దరూ రెండు రకాలుగా చదువుతుంటే విన్నాను. ‘ఇది అలా చెప్పడం లేదు’ అని చెప్పబోతే మా పైవాళ్ళే నోరు మూసుకోమన్నారు. ఆ తర్వాత మా సెక్షన్ రెండు ముక్కలైంది. ఇరవై ఏళ్ళు పక్క కుర్చీలో కూర్చున్న స్నేహితురాలు ఆ వైపు, నేను ఈ వైపు. అంకెని ఇష్టమొచ్చినట్టు వాడితే ఏమవుతుందో నాకు తెలుసు. అందుకే మిమ్మల్ని వదలను.

నిర్వాహకుడు:
వ్యక్తిగత మాటలు ఇద్దరూ ఆపండి. లేకపోతే చర్చకు తాళం వేస్తాను.

ఉద్దానం కొబ్బరి:
అమ్మా, ఆఫీసు మాట అనకూడనిది, అన్నాను. క్షమించండి.

సూటిగా చెబుతాను. నాకు తలసరి 5 లక్షలు అక్కర్లేదు. మాది కవిటి మండలం. మా అమ్మకి కిడ్నీలు పోయాయి. ఉద్దానంలో ఇంటికొకరున్నారు ఆ జబ్బుతో. 2009లో వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి విశాఖ తీసుకెళ్ళేవాణ్ణి. రాత్రి బయల్దేరితే తెల్లారి ఆసుపత్రి, మళ్ళీ రాత్రికి ఇల్లు. వచ్చే దారిలో దాహం అనేది. గ్లాసు నీళ్ళే లెక్క, మూతతో పోసేవాణ్ణి. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారు. అప్పటికి అమ్మ పోయి పన్నెండేళ్ళు.

సిక్కిం అసెంబ్లీలో 32 మంది ఎమ్మెల్యేలు. 6,10,577ని 32తో భాగించండి. ఒక్కొక్కరికి 19 వేల మంది. పాత శ్రీకాకుళం జిల్లాలో 27 లక్షల మందికి పదిమంది. ఒక్కొక్కరికి 2 లక్షల 70 వేలు. 19 వేల మందికి ఒక ఎమ్మెల్యే ఉన్న చోట ఇంటికొక కిడ్నీ రోగి ఉంటే ఇన్నేళ్ళు ఆసుపత్రి రాకుండా ఉంటుందా? నాకు కావలసింది వినే దూరంలో ఒక మనిషి. అది అడిగితే ఎవరూ వినరు, తలసరి అంటే వింటారని తలసరి పెట్టాను.

వికారాబాద్ పోరడు:
గిది మొదటే రాయాల్సింది అన్నా.

పాత గణాంకం:
ఈ లెక్క సరైనదే. నేను కూడా భాగించి చూశాను. మీ అమ్మగారి సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

కానీ అసెంబ్లీ సీట్లు పెరగడానికి కొత్త రాష్ట్రమే రానక్కర్లేదు. విభజన చట్టంలోనే ఆంధ్రాకి 175 నుంచి 225 చేయాలని ఉంది. ఇంతవరకూ చేయలేదు. మీరు అడగవలసింది అది.

ఉద్దానం కొబ్బరి:
225 చేసినా మాకు రెండో మూడో వస్తాయి. 2 లక్షల 70 వేలు 2 లక్షలవుతుంది. 19 వేలు ఎప్పుడవుతుంది?

రంగ్‌పో ఫిట్టర్:
బావూ, ఒక మాట. ఆ 19 వేలలో నేనూ ఉన్నాను కదా. జనాభాలో రాసుకున్నారు కానీ ఓటు లేదు. డబ్బు ఎగ్గొట్టినప్పుడు మా క్యాంపు నుంచి నలుగురం అక్కడి ఒక నాయకుడి ఇంటికి వెళ్ళాం. నిజంగానే దగ్గరే, నడిచే వెళ్ళాం. మర్యాదగా టీ ఇచ్చారు. ‘మీ ఊరి ఎమ్మెల్యేకి చెప్పుకోండి’ అన్నారు.

2023 అక్టోబరులో దక్షిణ లోనాక్ సరస్సు గండిపడి వరద వచ్చి చుంగ్‌థాంగ్ డ్యాము కొట్టుకుపోయినప్పుడు టీవీ ముందు నుంచి లేవలేకపోయాను. 1,200 మెగావాట్లు అని చెబుతున్నారు. నేను మాత్రం కింద రేకుల క్యాంపులు ఎన్ని ఉన్నాయా అని వెతుక్కున్నాను.

ఉద్దానం కొబ్బరి:
నువ్వు సొంతూళ్ళో ఉండి ఉంటే నీకు ఓటూ ఉండేది, ఎమ్మెల్యే ఇల్లూ నడక దూరంలో ఉండేది. అందుకే అడుగుతున్నాను తమ్ముడూ.

పాత గణాంకం:
అయితే ముందు శీర్షిక మార్చండి. తలసరి ఆదాయం అన్న మాట తీసేసి, 2 లక్షల 70 వేల మందికి ఒక ఎమ్మెల్యే అని రాయండి. అప్పుడు నేను మీ వైపు నిలబడి వాదిస్తాను.

ఉద్దానం కొబ్బరి:
మార్చనమ్మా. ఆ శీర్షిక చూసే కదా మీరు వచ్చారు.