చీలమండ విరుపు: ఒకే ఎక్స్‌రేకు రెండు సలహాలు, ఆపరేషన్ అవసరాన్ని తేల్చేది ఏది?

పెన్నాతీరం (విడవలూరు)
అందరికీ నమస్కారం. మా అమ్మగారికి 61 ఏళ్లు, పదేళ్లుగా చక్కెర వ్యాధి ఉంది. పోయిన ఆదివారం రొయ్యల గుంట గట్టు మీద తడి బంకమట్టిలో కాలు జారి, పాదం లోపలికి మడతపడి, ఒళ్లు మరోవైపు తిరిగి పడిపోయారు. బెణికిందేమో అనుకుని పసరు కట్టు కట్టించి రెండు రోజులు ఆగాము. ఆ ఆలస్యానికి బాధ్యత నాదే. మూడో రోజు తీయించిన ఎక్స్‌రేలో చీలమండ వెలుపలి ఎముక, అంటే ఫిబులా కింది భాగం, కీలు ఎత్తులోనే ఏటవాలుగా విరిగినట్లు తెలిసింది. ఒక డాక్టరుగారు పిండికట్టు చాలునన్నారు, మరొకరు ప్లేటు వేయాలన్నారు. ఇద్దరూ చూసింది అదే ఫిల్ము. విరిగింది ఒక్క ఎముకే అయినప్పుడు అభిప్రాయాలు ఇంతగా ఎందుకు వేరుపడ్డాయో, నిర్ణయానికి ముందు మేము ఏమి అడగాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

బ్యారన్ రైతు (కందుకూరు)
2019లో పొగాకు బ్యారన్‌లో కర్రలు ఎక్కిస్తూ నేను జారిపడ్డాను. నాదీ మీ అమ్మగారి విరుపు లాంటిదే. మొదట వెళ్లిన చోట ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, రెండే ఎక్స్‌రేలు తీసి కట్టు వేసి పంపారు. వారం తరువాత మరొక డాక్టరుగారు కట్టు విప్పించి మూడో ఫిల్ము తీయించారు. కాలిని మోకాలితో సహా 15 నుంచి 20 డిగ్రీల వరకు లోపలికి తిప్పి, కదలకుండా పాదానికి ఇసుక సంచి ఆనించి తీశారు. దాన్ని మార్టిస్ వ్యూ అంటారని అప్పుడే తెలిసింది. అందులో టాలస్ ఎముక, అంటే చీలమండ గూట్లో కూర్చునే పాదం ఎముక చుట్టూ ఉన్న సందు అన్ని వైపులా దాదాపు ఒకే వెడల్పున కనబడాలి. డాక్టరుగారు నా ఎదుటే కొలిచారు: పైన 3 మిల్లీమీటర్లు, లోపలి పక్కన 6. లోపలి సందు 4 మిల్లీమీటర్లు దాటి, పై సందు కన్నా ఎక్కువగా ఉంటే లోపలి వైపు ఎముకలను కలిపి ఉంచే పట్టీ, అంటే డెల్టాయిడ్ లిగమెంటు తెగినట్లు అనుమానించాలని చెప్పారు. విరిగిన ఎముక ఒక్కటే అయినా కీలు తన గూట్లోంచి పక్కకు జరిగింది కాబట్టే నాకు ప్లేటు, స్క్రూలు వేయవలసి వచ్చింది.

ఆ ఒకటి రెండు మిల్లీమీటర్లకు అంత పట్టింపు ఎందుకని నేనూ అడిగాను. టాలస్ 1 మిల్లీమీటరు వెలుపలికి జరిగితే కీలులో ఎముకలు ఒకదానికొకటి ఆనుకునే వైశాల్యం 42 శాతం తగ్గిందని 1976లో రామ్సే, హామిల్టన్ అనే వైద్యులు తమ ప్రయోగంలో చూపించారట. ఒంటి బరువంతా మిగిలిన ఆ కొద్ది జాగా మీదే పడితే కీలు త్వరగా అరిగిపోతుంది. కాబట్టి ముందుగా ఆ మూడో ఫిల్ము తీశారో లేదో అడగండి.

ఎక్స్‌రే గది (ఒంగోలు)
పదహారేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను కాబట్టి రెండు విషయాలు కలుపుతాను. పడిన వెంటనే లోపలి సందు మామూలుగానే ఉండి, పాదం మీద ఒత్తిడి పడినప్పుడు మాత్రమే విచ్చుకునే విరుపులు ఉంటాయి. ఫిబులా ఏ ఎత్తులో విరిగిందో చూసి రకాలు చెప్పే వెబర్ వర్గీకరణలో మీ అమ్మగారిది బి రకం, అంటే కీలు ఎత్తులో విరిగినది అనిపిస్తున్నది. అనుమానం ఎక్కువగా వచ్చేది ఈ రకంలోనే. అప్పుడు గ్రావిటీ స్ట్రెస్ వ్యూ తీస్తాము. దెబ్బ తగిలిన వైపుకే పడుకోబెట్టి, పాదాన్ని బల్ల అంచు దాటించి వదిలేస్తే, దాని బరువే కీలును లాగుతుంది. వృద్ధులు భయపడతారు కాబట్టి మోకాలి కింద దిండు పెట్టి, ముందుగానే చెప్పి చేస్తే నొప్పి ఓర్చుకోగలరు. నొప్పి అనుమతిస్తే నిలబెట్టి తీసిన ఫిల్ము కూడా ఇదే సంగతి చెబుతుంది.

రెండోది, పిక్క పైభాగాన, మోకాలి కింద బయటి పక్క నొక్కితే నొప్పి ఉందా అని చూడమనండి. చీలమండ దగ్గర తిరిగిన బలం ఒక్కోసారి ఫిబులాను పైన మోకాలి దగ్గర విరుస్తుంది. చీలమండ ఫిల్ములో అది పడదు. చీలమండ కీలు దగ్గర పిక్క పెద్ద ఎముక వెనుక అంచు ముక్క కూడా విరిగినట్లుంటే సీటీ స్కాన్ తీయించడం మేలు, ఎందుకంటే ఆ ముక్క పరిమాణం, దిశ మామూలు ఎక్స్‌రేలో సరిగా తెలియవు.

ఆలస్యం గురించి: చీలమండ గుబ్బల వెనుక అంచున, కింది 6 సెంటీమీటర్ల మేర, లేదా కొనన నొక్కితే నొప్పి ఉన్నా, పడిన వెంటనే, ఆసుపత్రిలో కూడా నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తప్పనిసరి. 1992లో కెనడాలోని ఒట్టావా వైద్యులు పెట్టిన నియమమిది. పసరు కట్టుకు ముందే ఎవరైనా ఇంట్లో చూసుకోగలిగిన పరీక్ష.

క్వారీ బాట (చీమకుర్తి)
మా నాన్నగారికి గత సంవత్సరం మూడు వైపులా విరిగి కీలు తప్పింది. మొదటి గంటలోనే కీలును సరిచేసి కట్టు వేశారు, కానీ వాపు విపరీతంగా వచ్చి చర్మం మీద నీటి బొబ్బలు లేచాయి. ఆ చర్మం మీద కత్తి పెడితే గాయం మానదని, బయట నుంచి రాడ్లతో బిగించి పదకొండు రోజులు ఆగారు. ప్రతి ఉదయం సర్జన్ వచ్చి పాదం వైపు చూసి, చర్మం మీద ముడతలు పడుతున్నాయా అని వేలితో నెమ్మదిగా తడిమేవారు. ముడతలు కనబడిన రోజునే తేదీ ఇచ్చారు. "ఎందుకు ఆలస్యం చేస్తున్నారు" అని నేను మొదట గొడవపడ్డాను. ఆ నిదానమే నాన్నగారి పాదాన్ని కాపాడింది. ఎన్టీఆర్ వైద్య సేవ కింద చికిత్స జరిగింది. ఆరు వారాలు కాలు నేల మీద పెట్టనివ్వలేదు.

బ్యారన్ రైతు
చక్కెర సంగతి ఎవరూ చెప్పలేదు. నాకూ ఉంది. ఆపరేషన్‌కు ముందు నా పాదం కింద సన్నని నైలాన్ తీగ తాకించి, స్పర్శ తెలుస్తున్నదో లేదో చూశారు. నరాలు మొద్దుబారినవారికి నొప్పి తెలియక కీలు మీద బరువు వేసేస్తారు, అప్పుడు స్క్రూలు సడలిపోతాయి. అలాంటివారికి బరువు వేయకుండా ఉంచే కాలాన్ని దాదాపు రెట్టింపు చేస్తారు. బీడీ, సిగరెట్ మానమని కూడా గట్టిగా చెప్పారు. అమ్మగారికి స్పర్శ పరీక్ష తప్పక చేయించండి.

పెన్నాతీరం
అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్న మార్టిస్ వ్యూ, గ్రావిటీ వ్యూ రెండూ తీయించాము. లోపలి సందు 3 మిల్లీమీటర్లు, పైన కూడా అంతే. పాదం వేలాడదీసినా మారలేదు. మోకాలి కింద నొప్పి లేదు. పాదంలో స్పర్శ కొంత తగ్గింది. ప్లేటు అన్న డాక్టరుగారే ఈ ఫిల్ములు చూసి, ఇప్పుడు పిండికట్టు చాలునని, చక్కెర ఉన్న శరీరంలో అనవసరంగా కోయడం మంచిది కాదని అన్నారు. అయితే స్పర్శ తగ్గింది కాబట్టి బరువు వేయకుండా ఎక్కువ కాలం ఉంచుతామని, వచ్చే బుధవారం మళ్లీ ఎక్స్‌రే తీయాలని, ఎముక పక్కకు జరిగితే ఆపరేషన్ తప్పదని చెప్పారు.

ఎక్స్‌రే గది
మంచి కబురు. బుధవారం వెళ్లేటప్పుడు నిన్నటి ఫిల్ములు తప్పకుండా తీసుకువెళ్లండి, కొత్తదాన్ని అదే కోణంలో తీయమనండి. పాదం కాస్త ఎక్కువ తిరిగినా సందు వెడల్పు మారినట్లు కనిపిస్తుంది.