స్ప్లెండర్ 1,12,000 కి.మీ. — చిన్న స్ప్రాకెట్ బాగానే ఉంది, చైన్ కిట్ (చైన్, రెండు స్ప్రాకెట్లు) మొత్తం మార్చాలా?

లక్ష_దాటిన_బండి
స్ప్లెండర్ ప్లస్. వెనక పెద్ద స్ప్రాకెట్ (చైన్ ఎక్కే పళ్ళ చక్రం) పళ్ళు కొక్కేల్లా వంగాయి, చైన్ బిగువు సరిచేసే అడ్జస్టర్ చివరి గీత దాకా వచ్చేసింది. ఇంజిన్ దగ్గరి చిన్న స్ప్రాకెట్ మాత్రం చూడ్డానికి బాగానే ఉంది. దాన్ని ఉంచేసి చైనూ పెద్దదీ మారిస్తే చాలా? పెద్ద స్ప్రాకెట్ బిగించే డ్రమ్ములో కుదుపు తట్టుకునే రబ్బర్లు, బేరింగు కూడా ఇప్పుడే మార్చాలా? చిన్నది 14 పళ్ళకు బదులు 15 వేస్తే మైలేజీ పెరుగుతుందా? పని ఇంట్లోనే చేద్దామనుకుంటున్నా.

గోదారి_గట్టు
చిన్నది ఉంచొద్దండి. పెద్దది ఒక చుట్టు తిరిగేలోగా చిన్నది మూడు చుట్లు తిరుగుతుంది. దాని ఒక్కో పన్ను మీద పడే దెబ్బలూ మూడింతలే. బాగున్నట్టు కనపడుతోందంటే పళ్ళ మధ్య గ్రీజూ మట్టీ గట్టిపడి నిండిపోయి ఉంటాయి. విప్పి డీజిల్లో కడిగి, కొత్త స్ప్రాకెట్‌తో జత చేసి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. ప్రతి పన్నుకీ ఒక పక్కన సన్నటి చంద్రవంకలా వెలుతురు కనపడుతుంది. అరిగిపోయిన ఇనుము అంతా అదే. ఆ పళ్ళ మీద కొత్త చైన్ వేస్తే రోలర్ అడుగున కూర్చోదు, పన్ను నడుం మీద నిలబడుతుంది. కొన్ని వేల కిలోమీటర్లకే కొత్త చైన్‌ని కూడా తన దారిలోకి లాగేస్తుంది.

కరీంనగర్_కిక్
అన్నా, కిట్టు ఇప్పుడే ఎందుకు? అడ్జస్టర్ అయిపోతే ఒక లింకు కోపిస్తే ఇంకో 5 వేల కిలోమీటర్లు నడుస్తది. ఊర్లల్ల అందరు గట్లనే చేస్తరు.

పానా_పట్టు
ఈ లింకు కోసే సలహా ప్రతిచోటా చూస్తున్నా. ఒక్కసారి లెక్క చూడండి. 428 సైజు చైన్‌లో పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం 12.7 మి.మీ. లోపలి లింకూ బయటి లింకూ జతగా తియ్యాలి కాబట్టి కోస్తే 25.4 మి.మీ. పోతుంది. చైన్‌లో 110 లింకులు అనుకుంటే మొత్తం పొడవు 1397 మి.మీ. కొత్తలో అడ్జస్టర్ మొదట్లో ఉండి, ఇప్పుడు ఒక జత తీసినా చైన్ సరిపోతోందంటే అది 1.8 శాతం సాగినట్టు. మామూలు చైన్‌కి 2 శాతం అంటే ఆయుష్షు తీరినట్టే. కొయ్యడానికి చోటు దొరికిందంటేనే ఆ చైన్ పని అయిపోయిందని అర్థం.

కరీంనగర్_కిక్
ఆఫ్ లింకు (సగం లింకు) ఏస్తే ఒకటే పోతది. నీ లెక్కలు కాయితం మీద మంచిగుంటయి. పత్తి అమ్మి పైసలు చేతికొచ్చేదాంక బండి నడవాలె కదా.

పానా_పట్టు
ఆఫ్ లింకు ప్లేట్లు వంకరగా ఉంటాయి. లాగినప్పుడల్లా ఆ వంకర దగ్గరే బరువు పడుతుంది. చైన్ మొత్తంలో బలహీనమైన చోటు అదే. పైగా సాగడం అంటే ఇనుము సాగడం కాదు. ప్రతి పిన్నూ దాని బుష్షూ కలిసి 0.13 మి.మీ. దాకా అరిగితే 1 శాతం అవుతుంది. ఒక లింకు తీసేసినా మిగిలిన లింకుల అరుగుదల అలాగే ఉంటుంది, పొడవు తగ్గుతుందంతే. తెగితే చిన్న స్ప్రాకెట్ దగ్గర ముద్దగా చుట్టుకుని ఇంజిన్ కేసు పగలగొడుతుంది. అప్పుడు పత్తి డబ్బు మొత్తం అక్కడికే పోతుంది. పేదవాడి బండి అని చెప్పి ప్రమాదం అంటగట్టొద్దు.

కరీంనగర్_కిక్
అంటగడుతున్ననా? మాట మంచిగ మాట్లాడు.

నల్లరేగడి
ఇద్దరూ ఆగండి. అడిగినాయన చైన్ ఇంకా కొలవనే లేదు. కింది వైపు చైన్ బిగువుగా లాగి, ఒక పిన్నుని ఒకటిగా లెక్కపెట్టి, దాని నడిమి నుంచి 21వ పిన్ను నడిమికి స్టీలు స్కేలు పెట్టండి. కొత్త 428కి 254 మి.మీ. రావాల. 257 దగ్గరికొస్తే కిట్టు కొని పెట్టుకోండి, 259 అయితే బండి దిగండి. మూడు నాలుగు చోట్ల కొలవాల, చైన్ అంతా ఒకే తీరుగా అరగదు. వెనక స్ప్రాకెట్ చివర చైన్‌ని వేళ్ళతో వెనక్కి లాగితే సగం పన్ను బయటపడినా అదే సంగతి.

మా నేలలో ఇంకోటి కూడా ఉంది. వానాకాలం చైన్ కవర్ లోపల రేగడి ముద్ద చేరి ఎండితే ఇటుక మాదిరి అయితాది. కిట్టు మార్చేటప్పుడు కవర్ రెండు ముక్కలూ విప్పి గీకేయండి. లేకుంటే కొత్త చైన్ ఆ ఇటుకకే రాసుకుంటాది.

షెడ్డు_బాబాయ్
ఈ బండి మీద 26 ఏళ్ళ చెయ్యి నాది, హీరో హోండా పేరున్న రోజుల నుంచీ. వినండి. చైన్ విప్పకముందే, వెనక బ్రేకు తొక్కి పట్టి, చిన్న స్ప్రాకెట్ బోల్టులు వదులు చెయ్యాలి. గేరు రాడ్డు, ఎడమ కవరు తీస్తే కనపడుతుంది. 10 నంబరు పానా, రెండు బోల్టులు. అవి తీసి, స్ప్రాకెట్‌ని పట్టి ఉంచే ప్లేటు కొంచెం తిప్పి గాడిలో కలిపితే బయటికి వస్తుంది, వెనకే స్ప్రాకెట్. ఆ ప్లేటు కిట్లో రాకపోతే విడిగా కొనండి. లోపలి గాడులు అరిగిన పాత ప్లేటు వేస్తే స్ప్రాకెట్ షాఫ్టు మీద ఊగుతుంది, షాఫ్టు గాడులు కూడా తినేస్తుంది. షాఫ్టు పోతే ఇంజిన్ విప్పాలి. వెనకున్న ఆయిల్ సీలు చెమరిస్తుంటే అప్పుడే మార్చెయ్యండి. బోల్టులు చిన్నవి, విరగ్గొట్టకండి. 15 పళ్ళది మాత్రం వెయ్యొద్దు, స్పీడోమీటరు తప్పు చూపిస్తుంది.

పానా_పట్టు
బాబాయ్, ప్లేటు విషయంలో మీ మాట అక్షరాలా నిజం. స్పీడోమీటరు మాత్రం కాదు. ఈ బండికి కేబుల్ ముందు చక్రం డ్రమ్ములో నుంచి వస్తుంది. స్ప్రాకెట్ ఎన్ని పళ్ళదైనా దానికి సంబంధం లేదు.

షెడ్డు_బాబాయ్
అవును, ముందు చక్రమే. ఆ మాట పొరపాటు. 15 వద్దన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

గోదారి_గట్టు
నేనూ వద్దనే అంటానండి. 14 నుంచి 15కి మారితే గేరింగ్ 7 శాతం పొడవవుతుంది. ఒంటరిగా హైవే మీద 55 దగ్గర పోతే ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంది, నిజమే. కానీ ఇది 8 హార్స్‌పవర్ దరిదాపు బండి. వెనకో మనిషి, రెండు పాల క్యాన్లు ఉంటే టాప్ గేరులో వణుకుతుంది, మూడోదిలోకి దించి ఎక్కువ రేజింగ్ ఇవ్వాల్సొస్తుంది. మిగిలిన పెట్రోలు అక్కడే పోతుంది. పైగా ఒక పన్ను పెరిగితే యాక్సిల్ సుమారు 3 మి.మీ. ముందుకి జరగాలి.

డల్లాస్_బెల్టు
ఇక్కడ అమెరికాలో చైన్‌కి బదులు బెల్టు ఉండే బండ్లకీ ఇదే పట్టింపు. బెల్టు, రెండు పుల్లీలు కలిపే మారుస్తారు. పుల్లీ పళ్ళ మీది పూత లేచిపోయి గరుకుదేలితే కొత్త బెల్టుని తినేస్తుంది. చాలా హార్లీ డేవిడ్సన్ బండ్లలో ముందు పుల్లీ నట్టుకి ఎడమ చేతి మర (ఎదురు చుట్టు) ఉంటుంది. తెలియక మామూలుగా తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది. రాయి దూరి బెల్టు అంచు దెబ్బతింటే మాత్రం కోసే మాటే లేదు, మార్చాల్సిందే.

లక్ష_దాటిన_బండి
రబ్బర్ల సంగతి ఎవరూ చెప్పలేదు.

నల్లరేగడి
వెనక చక్రం గట్టిగా పట్టుకొని పెద్ద స్ప్రాకెట్‌ని ముందుకీ వెనక్కీ ఊపండి. టక్కున కొట్టుకుంటూ బాగా ఆడితే రబ్బర్లు అయిపోయినట్టే. కొత్తవి తేలిగ్గా పట్టవు, సబ్బునీళ్ళు పూసి నెట్టండి. నూనె పూయొద్దు, రబ్బరు ఉబ్బుతాది. డ్రమ్ము బేరింగ్ వేలితో తిప్పితే గరగర అంటే మార్చండి, లక్ష దాటినాక సందేహపడే పని లేదు. పెద్ద స్ప్రాకెట్ నట్లు డ్రమ్ము చక్రంలో ఉన్నప్పుడే వదులు చెయ్యండి. వెనక్కి బిగించేటప్పుడు ఎదురెదురుగా బిగించండి. ఇంకో మాట, కొత్త పెద్ద స్ప్రాకెట్ కొనేముందు పాతదాని పళ్ళు లెక్కపెట్టుకోండి, మోడల్‌ని బట్టి మారుతుంటాది.

షెడ్డు_బాబాయ్
చైన్ రెండు కొసలూ కలిపే లాకు క్లిప్పు మూసిన వైపు ముందుకి ఉండాలి, మర్చిపోవద్దు.

గోదారి_గట్టు
బాబాయ్, పై వైపు చైన్‌లో పెడితేనే ముందుకి. కింది వైపు పెడితే మూసిన కొస వెనక్కి ఉండాలి. చైన్ ఎటు నడుస్తుందో అటు మూసిన కొస, ఇదొక్కటే గుర్తుపెట్టుకుంటే చాలు.

కరీంనగర్_కిక్
ఈ మాట కరక్టే. తలకిందులు పెడితే రాయి తగిలి క్లిప్పు ఎగిరిపోతది. క్లిప్పు ఎక్కిచ్చేటప్పుడు ప్లేరుతో ఒక్క దెబ్బల నొక్కు, సుత్తితోని కొట్టకు. పాత లాకు కొత్త చైన్‌కు ఎయ్యకు.

లక్ష_దాటిన_బండి
బిగువు ఎంత పెట్టాలి? కిరోసిన్‌తో కడిగి ఇంజిన్ ఆయిల్ పూయొచ్చా?

పానా_పట్టు
కొత్త చైన్ కడగొద్దు. పైనున్న జిగురు గ్రీజు ఫ్యాక్టరీలో పిన్నుల్లోకి ఎక్కించినది. కిరోసిన్‌లో ముంచితే లోపలిది కూడా కరిగిపోతుంది. తరవాత 500 కి.మీ.కి ఒకసారి 90 గ్రేడ్ గేర్ ఆయిల్ చుక్కలు రోలర్ల పక్కన వెయ్యండి, బండి నడిపి వచ్చిన వెంటనే, వేడి మీద. వాడిన ఇంజిన్ ఆయిల్‌లో మసీ ఇనుప పొడీ ఉంటాయి, అది పూస్తే గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే.

గోదారి_గట్టు
బిగువు అంటే చైన్ మధ్యలో పైకీ కిందికీ ఆడే ఆట, సుమారు 20 నుంచి 30 మి.మీ., ఓనర్ పుస్తకంలో ఉన్న అంకె చూసుకోండి. చక్రం తిప్పుతూ నాలుగు చోట్ల చూసి, ఎక్కువ బిగువున్న చోట ఈ అంకె పెట్టాలి. వదులున్న చోట పెడితే బిగువున్న చోట బేరింగు మూలుగుతుంది. యాక్సిల్ నట్టుతో పాటు ఎడమవైపు స్లీవ్ నట్టూ (పెద్ద స్ప్రాకెట్ డ్రమ్మును పట్టి ఉంచే నట్టు) వదులు చెయ్యాలండి, అది మర్చిపోయి అడ్జస్టర్ నట్లు మాత్రమే తిప్పితే అవి విరుగుతాయి. గీతల్ని పూర్తిగా నమ్మొద్దు. రెండు వైపులా స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టే చట్రం) పివట్ బోల్టు నుంచి యాక్సిల్ దాకా టేపు పెట్టి సమానం చెయ్యండి. 500 కి.మీ. అయ్యాక మళ్ళీ చూడాలి, కొత్త చైన్ మొదట్లో కాస్త వదులవుతుంది.

కరీంనగర్_కిక్
స్లీవ్ నట్టు తుప్పు పట్టి రాకపోతే ఏం చెయ్యాలె?

షెడ్డు_బాబాయ్
ముందు రోజు రాత్రే డీజిల్ చుక్కలు వేసి ఉంచు తమ్ముడూ. పొద్దున రింగు పానా పెట్టి కుదుపుగా ఒక్క దెబ్బ కొట్టు, మెల్లగా లాగితే అంచులు పోతాయి.