20వ తేదీ దగ్గరపడితే చాలు, చిన్న తేడాకే చిరాకు. నిద్రవల్లేనా?

చిత్తూరు లెక్కలు:
అన్నలారా, 14న జీఎస్‌టీ 2బీ (మనకు అమ్మినవాళ్ళు చూపిన బిల్లుల జాబితా) వస్తుంది, 20కల్లా 3బీ (నెలవారీ రిటర్ను) వేయాలి. ఆ వారం నిద్ర ఐదు గంటలకు మించదు. తోతాపురి మామిడి సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీల బిల్లులు కూడా మీద పడితే ఇక చెప్పక్కర్లేదు. మన లెక్కలకూ 2బీకీ మధ్య పగలు పది నిమిషాల్లో దొరికే తేడా రాత్రి పదకొండింటికి ఎంత వెతికినా దొరకదు. ఆ టైములో ఫోన్ చేసిన పార్టీ మీద కోపం. ఇది నిద్ర సంగతేనా, ఒంట్లో ఇంకేమైనా ఉందేమో చూపించుకోవాలా?

అలిపిరి వాసి:
ముందు నిద్రే. ఇన్‌వాయిస్ నంబరు, పన్ను మొత్తం మనసులో పెట్టుకుని పక్క కాలమ్‌కు వెళ్ళేది మెదడులో నుదుటి వెనకున్న భాగం పని. కోపాన్ని ఆపేదీ అదే. నిద్ర తగ్గితే రెండూ ఒకేసారి సడలుతాయి. అందుకే అదే లైను మూడుసార్లు చూస్తారు, మూడోసారికి మండుతుంది.

2003లో ఒక ప్రయోగం చేశారు. రెండు వారాలు రోజుకు ఆరు గంటలో, అంతకన్నా తక్కువో పడుకున్నవాళ్ళ పనితీరు రెండు రాత్రుల దాకా జాగారం చేసినంతగా పడిపోయింది. వాళ్ళేమో పెద్దగా నిద్ర రావట్లేదనే అనుకున్నారు. చిక్కంతా అక్కడే.

కొర్లగుంట ఆడిట్:
పని వరస మార్చండి. 2బీ సరిచూసుకోవడం పొద్దున ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర లోపు. రాత్రికి ఎంట్రీలు, ప్రింట్లు మాత్రమే. ఒక తేడా మీద 15 నిమిషాలు, అంతే. తేలకపోతే ఆ తేడా ఎంతో రాసిపెట్టి ముందుకెళ్ళండి. వెతికేముందు రెండు పరీక్షలు: తేడా 9తో నిశ్శేషంగా భాగితమైతే అంకెలు తారుమారయ్యుంటాయి (576 బదులు 567). లేదంటే తేడాలో సగం ఎంతో చూసి ఆ మొత్తానికి క్రెడిట్ నోటు (బిల్లు తగ్గించే చీటీ) ఉందేమో వెతకండి, తీసేయాల్సింది కలిపేసి ఉంటారు.

ఆఖరి టీ మూడింటికే. నాలుగున్నరకు తాగితే అందులో సగం కెఫీన్ తొమ్మిదిన్నరకూ ఒంట్లోనే ఉంటుంది. భోజనమయ్యాక కునుకు 20 నిమిషాలు, అలారం పెట్టుకుని. అరగంట దాటితే తల దిమ్మెక్కి లేస్తారు, పని ఇంకా పాడు.

పద్మావతిపురం అక్క:
రెండు వారాలు ఏడెనిమిది గంటలు పడుకున్నా చిరాకు తగ్గలేదంటే తిరుపతి రుయా ఆస్పత్రిలోనో స్విమ్స్‌లోనో ఓపీలో చూపించుకో తమ్ముడూ. హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగర్, విటమిన్ బీ12 రాయించుకో. హిమోగ్లోబిన్ మగవాళ్ళకు 13, ఆడవాళ్ళకు 12 కంటే తక్కువుంటే రక్తహీనతే. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు, గంట ఆగు. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగుతోందా అని ఇంట్లోవాళ్ళను అడుగు. అది నీకు తెలియదు. ఆగుతోందంటే ఎన్ని గంటలు పడుకున్నా నిద్ర నిద్ర కాదు. మందుల షాపులో అడిగి నిద్రమాత్రలు మాత్రం వేసుకోవద్దు.

చిత్తూరు లెక్కలు:
ఆదివారం పన్నెండు గంటలు పడుకుంటే బాకీ తీరదా?

అలిపిరి వాసి:
కొంత తీరుతుంది. కానీ మధ్యాహ్నం దాకా పడుకుంటే ఆ రాత్రి ఒంటిగంటైనా కన్ను మూతపడదు, సోమవారం మళ్ళీ ఐదు గంటలే. లేచే టైము గంటకు మించి జరపకండి. శనివారం రాత్రి తొమ్మిదికే పడుకోండి.