శూన్యముపైన వ్రేలాడే భూమికి పునాదులెందుకు? సండే స్కూలు పిల్లలకు ఏమని చెప్పాలి?

హన్మకొండ టీచరు (ప్రశ్న):

అందరికీ వందనములు. నేను హన్మకొండలో ఒక పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తాను, ఆదివారం మా సంఘంలో సండే స్కూలు పిల్లలకు పాఠం చెబుతాను. పదకొండేళ్లుగా ఈ రెండు పనులూ ఒకదానికొకటి అడ్డు రాలేదు గాని, గత నెలలో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నకు మాత్రం నేను సరైన జవాబు ఇవ్వలేకపోయాను.

యవ్వనస్థుల కూడికకు వచ్చిన ప్రసంగీకుడు యోబు 26:7లో దేవుడు శూన్యముపైన భూమిని వ్రేలాడచేసెనని ఉన్నదనీ, యెషయా 40:22లోని "భూమండలము" అన్న మాటకు గుండ్రని భూగోళమనే అర్థమనీ, శాస్త్రజ్ఞులు నిన్న మొన్న కనుగొన్నదాన్ని బైబిలు వేల ఏళ్ల క్రితమే చెప్పిందనీ బోధించారట. ఆ అమ్మాయి ఇంటికి వెళ్లి యోబు గ్రంథమంతా చదివింది. అదే 26వ అధ్యాయంలో నాలుగు వచనాల తరువాత ఆకాశవిశాలానికి స్తంభాలు కనబడ్డాయి. 37:18లో ఆకాశం పోతపోసిన అద్దమంత దట్టమైనదని ఉంది. 38వ అధ్యాయంలో భూమికి పునాదులు, మూలరాయి కూడా ఉన్నాయి. "వేలాడేదానికి పునాదులెందుకు మేడమ్?" అని అడిగింది. వేయిస్తంభాల గుడి ఉన్న ఊరి పిల్ల కాబట్టి స్తంభమంటే ఏమిటో నేను వేరే చెప్పనక్కరలేదు.

దీనికి తోడు, యెహోషువ ప్రార్థించగా సూర్యుడు ఆగిపోయాడని బైబిలు చెప్పే ఆ రోజును నాసా కంప్యూటర్లు కనిపెట్టాయనే సందేశం మా సంఘం వాట్సాప్ గుంపులో మళ్లీ తిరుగుతోంది. పిల్లల విశ్వాసాన్ని గాయపరచకుండా, అబద్ధం కూడా చెప్పకుండా, ఈ వచనాలను ఎలా బోధించాలో తెలిసినవారు చెప్పగలరని మనవి.

కాజీపేట విశ్రాంత అధ్యాపకుడు:

అమ్మా, ముందుగా నాసా మాట తేల్చేద్దాం, అది తేలిక. అర్ధ శతాబ్దానికి పైగా తిరుగుతున్న కట్టుకథ అది, నాసా దాన్ని ఏనాడూ ధ్రువీకరించలేదు. కథ సంగతి అలా ఉంచినా, అటువంటి లెక్క వేయడమే సాధ్యం కాదు. గ్రహాల స్థానాలను నేటి నుంచి వెనక్కు లెక్కించవచ్చు గాని, ఒక రోజు తగ్గిందని చెప్పాలంటే ఆ సంఘటనకు ముందు ఎవరో కచ్చితంగా రాసిపెట్టిన ఆకాశ పరిశీలన ఒకటి చేతిలో ఉండాలి. పోల్చి చూడడానికి పనికివచ్చే బాబిలోను గ్రహణాల నమోదులు క్రీస్తుపూర్వం 8వ శతాబ్దం నుంచి మాత్రమే వరుసగా లభిస్తున్నాయి, యెహోషువ అంతకంటే చాలా ముందటివాడు. ఆ నమోదులతో తేలిన విషయం వేరే ఉంది. సముద్రపు పోటుల లాగుడు వల్ల భూభ్రమణం నెమ్మదిస్తూ, రోజు నిడివి శతాబ్దానికి సుమారు 2 మిల్లీ సెకన్ల చొప్పున పెరుగుతోంది. వినడానికి చప్పగా ఉంటుంది గాని, నాకు మాత్రం కట్టుకథ కంటే ఇదే ఆశ్చర్యం కలిగిస్తుంది.

ఇక సూర్యుడు ఆగడం గురించి. మన వరంగల్ 18 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది కాబట్టి, ఇక్కడ నేల గంటకు సుమారు 1,590 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు తిరుగుతోంది. ఆ సంగతి తెలిసిన నేను కూడా సాయంత్రం "పొద్దుగూకింది" అనే అంటాను, నేనలా అన్నందుకు ఎవరూ నన్ను అబద్ధాలకోరు అనలేదు. నేలమీద నిలబడినవాడి కంటికి కనిపించేదాన్ని చెప్పే భాష అది. 1615లో గెలీలియో టస్కనీ గ్రాండ్ డచెస్ క్రిస్టీనాకు రాసిన లేఖలో వాదించినది దాదాపు ఇదే. పరలోకానికి ఎలా వెళ్లాలో నేర్పడమే పరిశుద్ధాత్మ ఉద్దేశం గాని, ఆకాశం ఎలా నడుస్తుందో నేర్పడం కాదన్న మాటను ఆయన అందులో ఉదహరించాడు. ఆ మాట కార్డినల్ బారోనియస్‌దని చెబుతారు. అయినా 1633లో గెలీలియోకు శిక్ష తప్పలేదు.

నర్సంపేట పాస్టరు:

టీచరమ్మా, ఆ అమ్మాయిని నా తరఫున అభినందించండి. ఒక వచనాన్ని పీకి చూపించినవారి కంటే గ్రంథమంతా చదివిన ఆమె వాక్యాన్ని ఎక్కువ గౌరవించింది.

సెమినరీలో నేర్చుకున్న హెబ్రీ భాషతో నాలుగు మాటలు చెబుతాను. ఆదికాండము 1:6లో మన తెలుగు బైబిలు "విశాలము" అన్న చోట మూలంలో ఉన్న మాట "రాకియ". లోహాన్ని సుత్తితో కొట్టి రేకుగా సాగదీయడాన్ని తెలిపే క్రియ నుంచి అది వచ్చింది. నిర్గమకాండము 39:3లో యాజకుడు ధరించే ఏఫోదు కోసం బంగారాన్ని రేకులుగా కొట్టినప్పుడు ఉన్న క్రియ అదే. గ్రీకు అనువాదకులు దాన్ని "స్టెరియోమా" అన్నారు, లాటిన్‌లో "ఫిర్మమెంటుమ్" అయింది, రెంటిలోనూ గట్టిదనమనే అర్థం ఉంది. తెలుగు అనువాదకులు ఎంచుకున్న "విశాలము" అందమైన మాటే గాని, అది ఆ గట్టిదనాన్ని దాచేసింది. మన పిల్లలు ఆ వచనం చదివి ఖాళీ అంతరిక్షాన్ని ఊహించుకుంటారు, నాటి శ్రోత మాత్రం పైనున్న నీళ్లను ఆపే కప్పును ఊహించుకున్నాడు. యోబులోని పోతపోసిన అద్దం కూడా ఆ కప్పే. ఆ కాలపు అద్దాలు గాజువి కావు, మెరుగుపెట్టిన కంచువి.

యెషయా మాటకు వస్తే, 40:22లో ఉన్నది "హూగ్", అంటే వలయం. నిలబడి చుట్టూ చూస్తే కనిపించే దిగంతం కూడా వలయమే. బంతి అని చెప్పదలిస్తే మాటలు లేక కాదు, 22:18లో మన బైబిలు "చెండు" అన్న మాట అదే ప్రవక్త గ్రంథంలో ఉంది. కాబట్టి యెషయా భూగోళాన్ని వర్ణించాడని నేను ప్రసంగించను.

ఇంకొక చిక్కు మన తెలుగులోనే ఉంది. హెబ్రీలో "షమాయిమ్" ఒక్కటే మాట. పక్షులు ఎగిరేదీ, నక్షత్రాలున్నదీ, దేవుని నివాసమూ అన్నీ అదే. మనం సందర్భాన్ని బట్టి ఒకచోట "ఆకాశము", మరొకచోట "పరలోకము" అని విడగొట్టుకున్నాం. దూరదర్శినితో చూస్తే కనబడేది ఒకటి, ప్రార్థనలో తలచుకునేది మరొకటి అని తెలుగువాడికి అనువాదమే సర్దిచెప్పేసింది. నాటి హెబ్రీయుడికి ఆ గీత లేదు.

కరీంనగర్ యువజనుడు:

పాస్టరు గారికి వందనములు. మీ పాండిత్యాన్ని గౌరవిస్తూనే ఒక అభ్యంతరం చెబుతున్నాను. దేవుడు ఆకాశాన్ని తెరలా విప్పి వ్యాపింపజేశాడని యెషయా చెప్పినప్పుడు, విశ్వం వ్యాకోచిస్తున్నదని 1929లో ఖగోళశాస్త్రజ్ఞుడు హబుల్ చూపించినదానికి అది సరిపోతున్నది కదా? యోబు 38:31లో కృత్తికలను బంధించగలవా, మృగశీర్ష కట్లను విప్పగలవా అని దేవుడు అడుగుతాడు. కృత్తికలు గురుత్వాకర్షణతో కట్టుబడిన గుంపు అనీ, మృగశీర్షలో నడుముపట్టీ నక్షత్రాలు అలా కట్టుబడి లేవనీ నేను చదివాను. గొర్రెలు కాచుకునే కాలపు మనిషికి ఇది ఎలా తెలిసింది? అన్నింటినీ కవిత్వమని కొట్టిపారేస్తే చివరికి మన చేతిలో ఏమి మిగులుతుంది?

కాజీపేట విశ్రాంత అధ్యాపకుడు:

తమ్ముడూ, నీ ప్రశ్నలో నిజాయితీ ఉంది కాబట్టి దాటవేయను. కృత్తికలు గురుత్వంతో కలిసి ఉన్న గుంపేనన్నది నిజం. సుమారు 440 కాంతి సంవత్సరాల దూరంలో వెయ్యికి పైగా నక్షత్రాలతో ఉన్న ఆ గుంపు వయస్సు దాదాపు 10 కోట్ల ఏళ్లు. కాని ఆ బంధం శాశ్వతం కాదు, ఇంకొక 25 కోట్ల ఏళ్లలో అవి చెదిరిపోతాయని అంచనా. మరి అప్పుడు ఈ వచనం తప్పిందని ఒప్పుకుందామా? యోబు వచనం నడుముపట్టీ పేరు ఎత్తనే లేదు, అది మనం చేర్చుకున్నది. పైగా ఆ అధ్యాయం పాఠం చెప్పడం లేదు, "నీవు చేయగలవా?" అని ప్రశ్నిస్తోంది. తనకు సమాధానం తెలియదని యోబు ఒప్పుకోవడమే ఆ ప్రశ్నల పని.

వ్యాకోచం సంగతి ఇంకా సూటిగా చెప్పవచ్చు. హబుల్ కంటే రెండేళ్లు ముందే, 1927లో, విశ్వం వ్యాకోచిస్తున్నదని సమీకరణాలతో చూపినవాడు జార్జ్ లెమైత్ర్, ఆయన కతోలిక గురువు. 1951లో పోపు పన్నెండవ పయస్ ఈ సిద్ధాంతం సృష్టిని నిరూపిస్తున్నట్టు ప్రసంగించినప్పుడు, సంతోషించవలసిన లెమైత్ర్ ఇబ్బంది పడ్డాడు. శాస్త్రసిద్ధాంతం రేపు మారవచ్చని, దానికి విశ్వాసాన్ని కట్టివేయకూడదని ఆయన పట్టుదల. రోజూ పూజ చేసే మనిషి చెప్పిన మాట కాబట్టి దాన్ని నీవు అవిశ్వాసి మాటగా తీసివేయలేవు.

నర్సంపేట పాస్టరు:

సార్ చెప్పినదానికి ఒక చిన్న చేర్పు. ఆకాశాన్ని పరచడానికి యెషయా వాడిన క్రియనే ఆదికాండము 12:8లో అబ్రాహాము గుడారం వేసినప్పుడు వాడారు. గుడారం వేయడం ఒక సాయంత్రంతో ముగుస్తుంది, రోజూ సాగుతూ ఉండదు.

కవిత్వమంటే ఏమీ మిగలదన్న భయం మాత్రం అక్కరలేదు, తమ్ముడూ. ఆదికాండము 1:16 సూర్యచంద్రులను పేర్లతో పిలవదు, "పెద్ద జ్యోతి", "చిన్న జ్యోతి" అని ఊరుకుంటుంది. చుట్టుపక్కల జనమంతా సూర్యుణ్ణి, చంద్రుణ్ణి దేవతలుగా మొక్కుతున్న కాలంలో వాటిని దీపాల స్థాయికి దించడం చిన్న మాట కాదు, ఆ అధ్యాయం బలమంతా అక్కడే ఉంది. శనిగ్రహం చంద్రుడి కంటే పెద్దదని ఖగోళజ్ఞులు చూపుతున్నారు కదా, మరి చంద్రుణ్ణి పెద్ద జ్యోతులలో ఒకటిగా మోషే ఎందుకు చెప్పాడన్న ప్రశ్నను 1554లోనే సంఘ సంస్కర్త జాన్ కాల్విన్ తన ఆదికాండ వ్యాఖ్యానంలో ఎత్తుకున్నాడు. మోషే సామాన్యుల కంటికి కనిపించేట్టు రాశాడని, ఖగోళశాస్త్రం నేర్చుకోదలచినవారు వేరే చోటికి వెళ్లాలని ఆయన జవాబు. ఆ మాట అంటూనే ఖగోళశాస్త్రాన్ని ప్రశంసించాడు కూడా.

హన్మకొండ టీచరు:

అందరికీ కృతజ్ఞతలు. ఆ అమ్మాయికి పునాదుల సంగతి ఇప్పుడు చెప్పగలను. వచ్చే నెల పిల్లలను డాబా మీదికి తీసుకువెళ్లి కృత్తికలను చూపిద్దామని అనుకుంటున్నాను, మా అమ్మమ్మ వాటిని "పిల్లలకోడి" అనేది. ఒక సందేహం మిగిలింది. యోబు 9:9లో స్వాతి అనీ, 38:32లో సప్తర్షి అనీ ఉన్నాయి. ఈ రెండూ వేరువేరు నక్షత్రాలు కదా?

నర్సంపేట పాస్టరు:

ఆకాశంలో వేరువేరే, మూలంలో మాత్రం "ఆష్", "అయిష్" అని ఒకే మాటకు రెండు రూపాలుగా పండితులు భావిస్తారు. అది ఏ నక్షత్రమో నేటికీ తేలలేదు. అనువాదకులు ఒకచోట స్వాతిని, మరొకచోట సప్తర్షులను ఎంచుకున్నారు. పిల్లలతో కూడా ఇలాగే చెప్పండి.

కాజీపేట విశ్రాంత అధ్యాపకుడు:

అమ్మా, డాబా ఎక్కేది కార్తీక పౌర్ణమి నాడు మాత్రం కాకుండా చూసుకోండి. ఆ రాత్రి చంద్రుడు కృత్తికల దగ్గరే ఉంటాడు, అందుకే ఆ మాసానికి ఆ పేరు. వెన్నెలలో పిల్లలకోడి కనబడదు. ఒక వారం ఆగితే సాయంత్రం చీకటిగా ఉంటుంది, ఎనిమిదింటికి తూర్పువైపు చూపించండి. మామూలు బైనాక్యులర్ ఉంటే తీసుకువెళ్లండి, కంటికి ఆరు కనిపించిన చోట పాతికకు తక్కువ కాకుండా లెక్కపెడతారు.